వంటింటి గోడ మీద నలుచదరం

"టీ మీరు తాగుతారా, ఆ గోడకు పట్టిస్తారా?"

దుకాణాలకు బోర్డులు రాసే బోర్డులాయన ఉలిక్కిపడ్డాడు. గ్లాసు చేతికొచ్చి పావుగంటయింది. ఈలోగా టీ చల్లారింది గానీ ఇల్లాలి కోపం చల్లారలేదు.

నిన్న సాయంత్రం నాలుగింటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. అందరి చూపూ వంటింటి గోడ మీదే. స్టవ్వుకు పైన, ఉప్పు డబ్బా అరకు పక్కన, అడుగు పొడవు, అడుగు వెడల్పు గల ఒక నలుచదరం. పేరుకే నలుచదరం, అందులో నలుపన్నది చుక్క లేదు. కడిగిన ముత్యంలా మెరిసిపోతోంది. దాని చుట్టూ పదిహేడేళ్ళ పొగ, నూనె, ఆవిరి తాగి, మాసం మాసానికీ మాసిపోయిన మిగతా గోడ.

ఆ చదరం క్లీనింగ్ కంపెనీ సూపర్‌వైజరమ్మ చలవ. ఇల్లంతా శుభ్రం చేయడానికి ఎంతవుతుందో చెప్పమంటే ఆవిడ గదులు లెక్కపెట్టలేదు, గజాలు కొలవలేదు. టార్చిలైటు వేసుకుని ఇల్లంతా తిరిగింది. అన్నిటికంటే మురికి చోటు ఏదో పట్టుకుంది. సుద్దముక్కతో అక్కడ అడుగు చదరం గీసి, నిమ్మకాయ వాసనేసే మందేదో కొట్టి, తుడిచి, చేతి గడియారం చూసుకుంది.

"పన్నెండు నిమిషాలు" అంది. కాగితం మీద ఏదో హెచ్చవేసి, "పధ్నాలుగు వేలు" అంది.

ధర వినగానే బోర్డులాయనకు అధరం అదిరింది.

"ఇది కొటేషన్ కాదండీ, కొట్టేషన్!" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. రోజుకు పదిమంది మొగుళ్ళు ఆ మాట అంటారు కాబోలు. "ఆలోచించుకుని చెప్పండి. ఈ చదరానికి మాత్రం డబ్బులక్కర్లేదు, ఉచితం" అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఉచితం! ఆ ఇంటికి అంత ఖరీదైన ఉచితం ఇంతకుముందెన్నడూ రాలేదు.

"నిన్నటిదాకా ఈ గోడ బాగానే ఉంది కదా" అన్నాడు బోర్డులాయన, చల్లటి టీ ఒక గుక్క మింగి.

"నిన్నటిదాకా దీని అసలు రంగు ఇదని తెలీదు కదా."

"నేను చెప్పానుగా, క్రీమ్ కలరని."

"మీరు క్రీమ్ అంటే మా ఫ్యాక్టరీ సంగతి మాట్లాడుతున్నారనుకున్నా" అందావిడ. ఆవిడ పనిచేసేది బిస్కెట్ల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో. పదకొండేళ్ళు డబ్బాలు సర్ది సర్ది, మొన్న మొదటి తారీఖున సెక్షన్‌కి పెద్ద అయింది.

"ఒరే అబ్బాయ్" అంది వాకిలి దగ్గర్నుంచి బోర్డులాయన తల్లి. ఆవిడ కూర్చున్నది ఎవరో డబ్బులివ్వకుండా వదిలేసిన పాత బోర్డు మీద. 'ఇచట కూర్చోరాదు' అని దాని మీద కొడుకు రాసిన అక్షరాలు ఆవిడ కింద భద్రంగా ఉన్నాయి. "నాకు కంటి ఆపరేషన్ చేయించకుండా ఉండాల్సిందిరా. మబ్బు కళ్ళప్పుడు ఈ ఇల్లు ఎంత శుభ్రంగా ఉండేదనీ!"

"అమ్మా, నువ్వు కాసేపు ఆగు."

"ఆగుతా. చూపు ఆగట్లేదే. కొత్త కళ్ళాయె."

బోర్డులాయన గొంతు సవరించుకున్నాడు. "నేననేదేమిటంటే, మనకెందుకు ఈ కంపెనీలూ అవీ? మనమే కడుక్కుందాం."

ఇల్లాలు స్టవ్వు దగ్గర్నుంచి నెమ్మదిగా ఇటు తిరిగింది.

"మనం అంటే ఎవరండీ?"

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు మొదటిసారి అందరికీ వినిపించింది.

"మనం అంటే... మనమే."

"పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో 'మనం' చీపురు పడితే, పట్టిన చెయ్యి నాదే. 'మనం' గిన్నెలు తోమితే అరిగిన గోళ్ళు నావే. మిమ్మల్ని నేను అడిగిందేమిటి? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేను కుర్చీలో కూర్చునుంటే ఈ ఇల్లు శుభ్రం కావడం నా కళ్ళతో చూడాలన్నాను. తప్పా?"

"తప్పని ఎవరన్నారు? చీపురు చీపే అనుకున్నాం గానీ..."

ఆవిడ నవ్వలేదు.

ఆ ఇంట్లో అంతకంటే ప్రమాదం లేదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ అతని చచ్చు జోకులన్నిటికీ ఆ వీధిలో నవ్వే మనిషి ఆవిడొక్కతే. కోపమొచ్చినా మూతి బిగించి, పక్కకి తిరిగి, భుజాలు కదిలేలా నవ్వేది. ఇప్పుడు భుజాలు కదల్లేదు.

"మాటిచ్చింది మీరు" అంది. "పోయిన ఆదివారం, మా తమ్ముడి ముందర."

నిజమే. ఇచ్చాడు. బావమరిది వచ్చి, సోఫాలో కాళ్ళు చాపుకుని, 'మా ఇంట్లో పనివాళ్ళు అడుగే పెట్టరు బావా, మా ఆవిడ ఇల్లంతా ఒంటిచేత్తో అద్దంలా ఉంచుతుంది' అని అక్క వైపు ఓరగా చూశాడు. బోర్డులాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. 'మా ఆవిడైతే ఆ ఒంటిచెయ్యి కూడా కదపక్కర్లేదోయ్, నేను మనుషుల్నే పెట్టిస్తున్నా' అనేశాడు. ఆ ధైర్యంతో ఆవిడ ఫ్యాక్టరీలో తొమ్మిది మందిని ఇంటికి పిలిచింది. పదకొండేళ్ళలో మొదటిసారి. ఇన్నాళ్ళూ వాళ్ళు 'మీ ఇంటికెప్పుడు పిలుస్తావ్' అన్నప్పుడల్లా, ఇల్లు గుర్తొచ్చి ఏదో ఒక వంక చెబుతూ వచ్చింది.

వాళ్ళు వచ్చేది ఎల్లుండే.

ఇల్లాలు చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "సాయంత్రంలోగా ఆవిడకి ఫోన్ చేసి రమ్మనండి. కుదరదూ, ఆ మాటే నాకు చెప్పేయండి. తొమ్మిది మందికీ రావద్దని చెప్పుకుంటా. పదకొండేళ్ళు చెప్పిన దాన్ని, ఇంకోసారి చెప్పలేనా?"

తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. దడేలున వేసినా బాగుండేది.

*

ఫోన్ బల్ల మీద ఉంది. సూపర్‌వైజరమ్మ నంబరు దాని కిందే ఉంది. బోర్డులాయన ఆ రెంటి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు.

చేసి ఏమని చెబుతాడు? ఒకప్పుడు ఆ ఊళ్ళో అతని అక్షరం లేని దుకాణం లేదు. మందులషాపు పచ్చ, చెప్పులషాపు ఎరుపు, దంతవైద్యుడి నీలం అన్నీ అతని కుంచె నుంచి కారినవే. ప్లాస్టిక్ గుడ్డ మీద మిషన్లు అచ్చేసే బోర్డులొచ్చాక, అతని కుంచెకు కునుకే మిగిలింది. పోయిన నెలంతా కలిపి రాసినవి రెండు: ఒక స్కూటర్ నంబరు, ఒక 'కుక్క ఉంది జాగ్రత్త'. ఆ కుక్క కూడా చచ్చిపోయిందట, రాసిన డబ్బులు సగమే ఇచ్చారు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. డబ్బు లేకపోతే మాట కూడా పోతుందని, జేబు ఖాళీ అయినకొద్దీ నోరు నింపుకుంటూ వచ్చాడు.

"తోమి చూస్తా" అనుకున్నాడు. బకెట్టు నింపాడు. సబ్బు కలిపాడు. లుంగీ ఎగ్గట్టాడు. అరగంట తోమాడు. గుడ్డ నల్లబడింది, మొహం ఎర్రబడింది, గోడ మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే అన్నట్టు ఉంది. అరచెయ్యంత మేర కాస్త పాలిపోయింది, అంతే. భుజం పట్టేసింది.

"పన్నెండు నిమిషాలైందా?" అంది వాకిట్లోంచి తల్లి.

"అమ్మా!"

"అడిగానంతే."

నేల మీద చతికిలబడి గోడ వైపు చూస్తుంటే అతనికి తట్టింది. గోడనంతా చదరంలా చేయడం తన వల్ల కాదు. మరి చదరాన్ని గోడలా చేయడం? నిన్నటిదాకా ఈ ఇంట్లో ఏ గొడవా లేదు. ఎందుకు లేదు? చదరం లేదు కనుక. చదరం పోతే పోలిక పోతుంది, పోలిక పోతే పోట్లాట పోతుంది. మెరుగు పెట్టలేనిదాన్ని మరుగు పెట్టడం ఎంతసేపు!

అలా రంగులవాడు రంగంలోకి దిగాడు.

ముందుగదిలోంచి ఎనామిల్ డబ్బాలు వచ్చాయి. తెల్లరంగులో చెంచాడు పసుపు, పసుపులో చిటికెడు ముదురు గోధుమ, పైన సూదిమొనంత నలుపు. కర్రపుల్లతో కలిపి, పుల్లను గోడకు ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఏం రంగురా అది?" తల్లి కర్ర పొడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"మన గోడ రంగు."

"మన గోడకు రంగెక్కడిది, రోగం గానీ?"

"ఆ రోగమే కలుపుతున్నా. ఊహూ, ఇది ఇంకా మూడేళ్ళ మురికిలాగే ఉంది. మనది పదిహేడేళ్ళది. కాస్త వేపుడు పడాలి" అంటూ గోధుమరంగు ఇంకో చుక్క వేశాడు. "ఇదిగో, ఇప్పుడు పదేళ్ళయింది. ఇంకొంచెం పొగ... పదమూడు... పదిహేను..."

"మురికికి పుట్టినరోజులు చేస్తున్నావా?"

"నవ్వించకు, చెయ్యి కదుల్తుంది."

"ఇంటిని శుభ్రం చేసే కొడుకుల్ని కన్నవాళ్ళున్నారు, చేయని కొడుకుల్ని కన్నవాళ్ళున్నారు. మురికిని పెయింటు చేసేవాణ్ణి కన్నది నేనొక్కదాన్నే."

రంగు తడిగా ఉన్నప్పుడొకటి, ఆరాక ఒకటి. ఆ సంగతి అతని వేళ్ళకు తెలుసు. ఒక మెట్టు లేతగా కలిపి, అంచుల దగ్గర కుంచెను పొడిగా ఆడించి, చదరాన్ని గోడలోకి కరిగించేశాడు. అక్కడితో ఆగితే పనివాడేం పనివాడు? నిరుడు కుక్కర్ మూత ఎగిరినప్పుడు అక్కడ మూడు చుక్కలు పడ్డాయి. సూపర్‌వైజరమ్మ తుడిచిపారేసిన ఆ మూడింటినీ గుర్తు తెచ్చుకుని, సన్న కుంచెతో ఎక్కడివక్కడ నిలబెట్టాడు. మూడోది కాస్త కిందికి జారినట్టుండేది. దాన్నీ జార్చాడు.

రెండడుగులు వెనక్కి వేశాడు. చదరం లేదు.

అతని గుండెల్లో ఏదో పాతది, చాలాకాలంగా కదలనిది, కదిలింది. మూడేళ్ళలో ఇంత బాగా కుదిరిన పని లేదు. కుదరక కుదరక మురికి కుదిరింది.

"ఎక్కడరా?" తల్లి గోడంతా వెతుకుతోంది. "ఒరే, ఎక్కడ పెట్టావురా?"

"వెతుక్కో. కొత్త కళ్ళన్నావుగా."

ఆవిడ వంగింది. ఇంకా వంగింది. ముక్కు గోడకు ఆనింది.

"దొరికింది" అంది. "తడిగా ఉంది."

*

మధ్యాహ్నం రెండింటికే గేటు చప్పుడైంది. బోర్డులాయన నవ్వు మొహం పెట్టుకుని ఎదురెళ్ళాడు. ఇల్లాలి వెనకాల టార్చిలైటు పట్టుకుని సూపర్‌వైజరమ్మ, ఆవిడ వెనకాల బకెట్లతో ఇద్దరు పనివాళ్ళు.

అతని నవ్వు సగంలో ఆగింది.

"మీరు ఫోన్ చేయరని నాకు తెలుసు" అంది ఇల్లాలు. గొంతులో పొద్దుటి కోపం లేదు, ఏదో ఉత్సాహం ఉంది. "ఫ్యాక్టరీలో జీతం మీద మూడు వేలు ముందుగా తీసుకుని కట్టేశా. మిగతా పదకొండూ మీరు చూసుకోండి, మాటిచ్చారుగా. అత్తయ్యా, నాకో కుర్చీ కావాలి. కూర్చుని చూస్తా."

కుర్చీ వేసుకుని వంటింటి గుమ్మంలో రాణిలా కూర్చుంది.

సూపర్‌వైజరమ్మ చేతికి తొడుగులేసుకుంది. "నిన్న ఆపినచోట మొదలెడతాం" అని గోడ వైపు తిరిగింది. తిరిగినావిడ అలాగే నిలబడిపోయింది. టార్చి వేసింది. పక్కకి జరిగి మళ్ళీ వేసింది. చేతిలో కాగితం తీసి ఇంటి నంబరు చూసుకుంది.

"నేను నిన్న తుడిచింది ఈ ఇల్లేనా అండీ?"

బోర్డులాయన కిటికీ వైపు జరిగాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నా. తుడిచిన మురికి మర్నాటికి తిరిగొచ్చిన ఇల్లు ఇదేనమ్మా."

"మా మురికికి ఇల్లంటే మమకారం ఎక్కువ" అంది పెద్దావిడ.

ఇల్లాలు గోడను చూసింది. మొగుణ్ణి చూసింది. అతను కిటికీలోంచి బయట ఏదో ముఖ్యమైన విషయం చూస్తున్నాడు. ఆవిడ చూపు అత్తగారి మీద ఆగింది.

"అత్తయ్యా, మీ ముక్కు మీద ఏమిటది?"

"గోడ" అంది పెద్దావిడ.

కుళాయి మళ్ళీ చుక్క చుక్కగా వినిపించింది.

"కానివ్వండి" అంది ఇల్లాలు పనివాళ్ళతో.

మందు కొట్టారు. నిమ్మకాయ వాసన గుప్పుమంది. పెద్దావిడ గాలి పీల్చింది. "ఈ వాసన నేనెక్కడో చూశానే. ఆఁ, అమ్మాయ్, మీ తమ్ముడి ఇంట్లో! హాల్లో అడుగుపెట్టగానే ఇదే వాసన."

"వాళ్ళింట్లో మా మరదలే ఒంటిచేత్తో తుడుస్తుంది అత్తయ్యా. నిమ్మకాయలు పిండుతుందేమో."

సూపర్‌వైజరమ్మకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. గోడ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

గంటలో గోడ బయటపడింది. పొగ పొరలు పొరలుగా దిగి, పదిహేడేళ్ళ కిందటి క్రీమ్ రంగు నవ్వుకుంటూ బయటికొచ్చింది. గోడంతా వెలిగిపోతోంది. ఒక్కచోట తప్ప. సరిగ్గా స్టవ్వుకు పైన, ఉప్పు డబ్బా అరకు పక్కన, అడుగు పొడవు, అడుగు వెడల్పున మూడు చుక్కలతో సహా ఆ మెరుపు పక్కన నల్లగా తేలిన నలుచదరం. ఈసారి పేరుకు తగ్గట్టే ఉంది.

పనివాడు తోమాడు. పోలేదు. ఇంకా గట్టిగా తోమాడు. ఎనామిల్ కదా, తోమినకొద్దీ మురికి తళతళలాడింది.

"తొమ్మిది మంది వస్తున్నారండీ" అంది ఇల్లాలు. "అదేమిటని అడిగితే ఏం చెప్పను?"

బోర్డులాయన నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం ఏదో జోకు నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగేశాడు. ఆవిడ కుర్చీ పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"డబ్బుల్లేవు" అన్నాడు. "పోయిన నెల రెండే బోర్డులు. అంతకు ముందు నెల ఒకటి. మీ తమ్ముడు అలా చూసేసరికి అనేశా. పధ్నాలుగు వేలు కాదు కదా, నాలుగు వేలు కూడా లేవు. అందుకని ఆ చదరం కనబడకుండా చేద్దామని..."

పనివాళ్ళు మర్యాదగా హాల్లోకి జరిగారు.

"ఆ మాట ఆదివారమే చెప్పచ్చుగా."

"మీ తమ్ముడి ముందరా?"

"నన్ను పక్కకి పిలిచి. రెండే బోర్డులని నాకు తెలీదా? చొక్కాలు ఉతికేది నేను. రంగు మరకలున్న చొక్కా ఉతికి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

అతను తల వంచుకున్నాడు. ఆవిడ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. వేలితో తాకి చూసింది.

"ఇవేమిటి, చుక్కలు?"

"కుక్కర్‌వి."

"నిరుడు మూత ఎగిరినప్పటివా?"

"ఊఁ."

"అవి కూడా వేశారా?"

"మూడోది కాస్త జారి ఉండేది" అన్నాడు నేల చూస్తూ. "దాన్నీ జార్చా."

ఆవిడ భుజాలు కదిలాయి.

ముందు అతనికి అర్థం కాలేదు. ఏడుస్తోందనుకుని లేవబోయాడు. ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు, నోట్లో కొంగు, ఆగని నవ్వు. "జార్చారా! అయ్యో రామా, జార్చారట! అత్తయ్యా, విన్నారా?" అని స్టవ్వు గట్టు పట్టుకుని, కడుపు పట్టుకుని, మళ్ళీ గట్టు పట్టుకుని నవ్వింది. పెద్దావిడ బోసినోటితో మొదలెట్టింది. హాల్లో పనివాళ్ళు అందుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా నవ్వనట్టుండే సూపర్‌వైజరమ్మ టార్చిలైటు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

"దీన్నే మళ్ళీ ఆ క్రీమ్ రంగులోకి తీసుకురాగలరా?" అని సూపర్‌వైజరమ్మే అడిగింది, నవ్వు తగ్గాక.

"మురికిని తెచ్చినవాణ్ణి, క్రీమ్ తేలేనా?" అన్నాడు బోర్డులాయన. గొంతులోకి పాత హుషారు తిరిగొచ్చింది.

పది నిమిషాల్లో కలిపాడు. రెండు నిమిషాల్లో పూశాడు. "తేడా తెలుస్తోందే" అంది సూపర్‌వైజరమ్మ. "ఆరనివ్వండి. తడి రంగు కోపంలో ఉన్న మనిషిలాంటిది, అప్పుడు చూసి లెక్కెయ్యకూడదు" అన్నాడు. ఇల్లాలు కుర్చీలోంచి మూతి తిప్పింది. ఆ తిప్పడంలో కోపం లేదు.

రెండు గంటల్లో ముందుగది, హాలు, కిటికీలు అన్నీ అయ్యాయి. ఇల్లాలు ఒక్క గుడ్డ ముట్టుకోలేదు. కుర్చీని గది నుంచి గదికి మోయించుకుంది. మోసింది బోర్డులాయనే. మధ్యలో టీ పెట్టింది కూడా అతనే. చక్కెర రెండుసార్లు వేశాడు. "బాగుంది" అని తాగేసింది.

చివర్న సూపర్‌వైజరమ్మ వంటింటికి వచ్చి టార్చి పక్కనుంచి వేసింది, పైనుంచి వేసింది. చేత్తో తడిమింది.

"ఎక్కడండీ?"

"అక్కడే ఉండాలి" అన్నాడు వినయంగా.

ఆవిడ టార్చి ఆపేసింది. "మాకున్న పెద్ద తలనొప్పి మీకు చెబుతా. మురికితోపాటు మూడిళ్ళకొక ఇంట్లో రంగు కూడా ఊడొస్తుంది. దుకాణంలో డబ్బా కొని పూస్తాం. గోడకు బొల్లి వచ్చినట్టుంటుంది. ఇంటివాళ్ళు బిల్లులో కోత పెడతారు. మాకు కావాల్సింది మనిషి పూసినట్టు తెలియకుండా పూసే మనిషి. వస్తారా? గోడకి వెయ్యి. మీ పదకొండు వేలూ పదకొండు గోడల్లో తీరిపోతాయి. ఆ తర్వాతవి మీవి."

బోర్డులాయన ఇల్లాలి వైపు చూశాడు. ఆవిడ పెదవి కొరుక్కుని తలూపింది. కళ్ళు మళ్ళీ నీళ్ళతో మెరిశాయి. ఈసారి నవ్వుతోనే అని చెప్పలేం.

"ఇన్నాళ్ళూ అందరికీ కనబడేలా రాశాను" అన్నాడు. "ఇకమీద ఎవరికీ కనబడకుండా రాస్తానన్నమాట. వస్తానండీ."

"మాకు ఒక్కటే నియమం" అంది సూపర్‌వైజరమ్మ, ఇల్లాలు అటు కుర్చీ దగ్గరికి వెళ్ళగానే గొంతు తగ్గించి, సంచీలోంచి చీటీ తీస్తూ. "ఎవరింట్లో పనిచేశామో ఇంకొకరికి చెప్పకూడదు. మా దగ్గర నెలనెలా చేయించుకుని, ఇల్లాలే చేస్తుందని చెప్పుకునేవాళ్ళు చాలామంది. పేరు బయటపడిందా, ఆ రోజుతో పని ఆఖరు. కట్టుకున్నావిడక్కూడా చెప్పకూడదు. సరేనా? రేపు ఎనిమిదింటికి ఇందులో రాసిన ఇంటికి వచ్చేయండి. హాల్లో పెద్ద గోడ."

చీటీ అతని చేతిలో పెట్టి, గబగబా గేటు దాటింది.

సాయంత్రపు ఎండ కడిగిన కిటికీలోంచి వచ్చి వంటింటి గోడ మీద పడింది. ఆ ఇంట్లోకి అంత వెలుగు ఎన్నేళ్ళకు వచ్చిందో. ఇల్లాలు కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, ఫోన్ తీసి ఫ్యాక్టరీ వాళ్ళకు చెబుతోంది. "రండి రండి. తొమ్మిది మందీ రావాలి. ఎవరు మానేసినా ఊరుకోను." ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. మొహం పెళ్ళినాటి ఫొటోలోలా ఉంది.

"ఇంతకీ రేపు మొదటి ఇల్లు ఎవరిదండీ?"

బోర్డులాయన చీటీ విప్పాడు.

వీధి పేరు, ఇంటి నంబరు. ఆ నంబరు అతనికి బాగా తెలుసు. కొత్తిల్లు కట్టినప్పుడు ఆ గేటు మీద బంగారు రంగుతో, నల్ల నీడతో, డబ్బులు తీసుకోకుండా రాసిపెట్టింది తనే. గేటు తీస్తే హాలు. హాల్లో అడుగుపెడితే నిమ్మకాయ వాసన. సోఫాలో కాళ్ళు చాపుకుని బావమరిది.

ఒంటిచెయ్యట!

నవ్వు పొట్టలోంచి పొంగుకొచ్చింది. గొంతులో ఆగిపోయింది. పదకొండు గోడలు. చెబితే పదకొండూ పోతాయి. చెప్పకపోతే, ఇవాళే కదా, పక్కకి పిలిచి చెప్పలేదని తిన్న చీవాట్లు!

"ఏమండీ? ఎవరిదంటే మాట్లాడరేం?"

బోర్డులాయన గబుక్కున చీటీ మడవబోయాడు. చెవి పక్కన ఎవరో ఊపిరి పీల్చారు.

ముక్కు మీద గోడ రంగు చుక్కతో పెద్దావిడ, కొత్త కళ్ళు రెండూ చిట్లించి, అతని భుజం మీదుగా చీటీ మీదికి వంగుతోంది.

"ఒరే అబ్బాయ్" అంది ఆవిడ. "ఈ నంబరు నేనెక్కడో చూశానే..."